లోపలికి లాగమన్నారు

వెల్డా స్టాంపర్‌కి అన్యాయం జరిగింది 1977 జూలై 14న, గురువారం, మిట్టమధ్యాహ్నం. ఇప్పుడెందుకా? నువ్వే కదే షెల్బీ కూశావు, "వాడు వరండాలో పడితే లోపలికి లాగేసుకోమన్నాడు నానమ్మా, తుపాకుల కొట్టాయన" అని. దగ్గర దగ్గర యాభై ఏళ్ళయింది, మాట మాత్రం చెక్కుచెదరలేదు. ముందా పిస్తోలు నా మొక్కజొన్న రొట్టె పక్కనుంచి తియ్యి. గుళ్ళు తీశావా? తీశాననుకుంటున్నావా, తీశావా? చూపించు. ఆఁ. కూర్చో ఇక.

వెల్డా అంటే స్కూల్లో వంట చేసేది. మనిషి నా భుజం దాకా ఉండేదేమో. బంగాళాదుంపలు తొక్కతీస్తుంటే కత్తి కనపడేది కాదు, అంత వేగం, మీ తాతని అడిగితే చెప్పేవాడు, దాని చేతి కూడు తిన్నవాడే. మొగుడు ఆర్లన్ బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పాడు చేసుకుని పోయాడు. వాగు వెంట ఇల్లు, చుట్టుపక్కల రెండు మైళ్ళలో ఇంకో పొయ్యి లేదు. గనిలోంచి గెంటేసిన డోయల్ అని ఒక దున్నపోతు, ఆర్లన్ పనిముట్లు ఒకసారి ఎత్తుకుపోయాడు. రెండోసారి ఇది ఇంట్లో ఉండగానే తలుపు తన్నాడు. తెరవకపోతే, "మళ్ళీ వస్తా, అప్పుడు తలుపుతో పని ఉండదు" అని పోయాడు. అప్పుడొచ్చింది మా కొట్టుకి.

మీ తాత హోబర్ట్ నడిపిన ఆ కొట్టు నీకు తెలీదు, ఇప్పుడక్కడ మందుల షాపుంది. గాలాలు, మేకులు, తుపాకులు, పనిలేని మొగాళ్ళు, అన్నీ ఒకే గదిలో. ఆడది తుపాకీ కొనడానికొస్తే చాలు, ఒక్కొక్కడూ జడ్జీ అయిపోయేవాడు. హోబర్ట్ పెద్ద తుపాకీ చేతిలో పెట్టాడు. "ఇది పేలిస్తే వాడు కాదు హోబర్ట్, నేను పడతాను వాగులో" అంది వెల్డా. అందరూ నవ్వారు. చివరికి ఒక్క గొట్టం ఉన్న చిన్నది ఇచ్చాడు. ఇంకొకడు, పేరెందుకులే, చచ్చాడు, "ఇంట్లో తిప్పుకోడానికి వీలుగా గొట్టం పొట్టిగా కోసిస్తా తే" అన్నాడు. నేను కౌంటరు మీద కొట్టాను: "పద్దెనిమిది అంగుళాలకి తగ్గిందా, సర్కారు జైల్లో కూర్చుంటుంది, నువ్వు తెచ్చిపెడతావా దానికి అన్నం?" అని. ఆ ఒక్కదానికే లేచింది నా నోరు. గుర్తుపెట్టుకో.

తర్వాత పోలీసు డిప్యూటీ క్లైవ్, నడుముకి బిళ్ళా పిస్తోలూ పెట్టుకుని పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చునే ప్రభుత్వ సేవకుడు, వాడన్నాడూ: "చూడు వెల్డా, వాడు వరండాలో పడ్డాడనుకో, కాళ్ళు పట్టుకుని లోపలికి లాగెయ్. గడప లోపల ఉంటే దొంగ, బయట ఉంటే శవం." మా హోబర్ట్, "అంతే, అంతే" అని ఒక రేకు బోర్డు కూడా ఊరికే ఇచ్చాడు. తుపాకీ కొన్నవాళ్ళందరికీ ఇచ్చేవాడులే. "ఈ ఇంటికి దొంగలొస్తే పోలీసుకి కాదు, పాడె మోసేవాళ్ళకి కబురు పెడతాం" అని రాసుంటుంది దాని మీద. పక్కన పుర్రె బొమ్మ. వెల్డా చదివి ముక్కు విరిచింది, అయినా పట్టుకుపోయింది. నేను నవ్వాను. ఆ లాగే మాటకీ నవ్వాను. ఇక్కడ పుట్టినవాళ్ళందరం పాలతో తాగిన మాట అది, తప్పని అనుకుంటే కదా.

ఆ గురువారం వెల్డా తుపాకీ పక్కన ఆనించుకుని, వరండాలో కూర్చుని చిక్కుళ్ళు వలుచుకుంటోంది. డోయల్ చేతిలో గడ్డపలుగుతో మెట్లెక్కాడు. ఆగమంది. "నీ తల పగలగొట్టాక ఆగుతా" అన్నాడు. ఒక్కటే దెబ్బ. పలుగు ఎగిరి మెట్ల కింద గడ్డిలో పడింది, వాడు చిక్కుడు బుట్ట మీద పడ్డాడు. అంతటితో దాని పని అయిపోయింది, షెల్బీ. తుపాకీ కింద పెట్టి, ఫోను చేసి, "నన్ను చంపడానికొచ్చాడు, కాల్చాను, మిగతాది వకీలొచ్చాక చెప్తాను" అని ఊరుకుంటే చాలు. తర్వాత నేను చదివాను. చదువుకున్నది ఎనిమిదో తరగతే, అయినా కోర్టు మేడ మీద పుస్తకాలన్నీ నమిలాను, దీపం పెట్టుకోనిచ్చారు పాపం. వరండా కూడా ఇల్లే. చంపుతానని పలుగెత్తి మీదికొచ్చేవాణ్ణి కాల్చొచ్చు. పారిపోయేవాణ్ణి కాల్చకూడదు, వట్టి సామాను కోసం కాల్చకూడదు. ఇది ఆ మూడిట్లో మొదటిదే చేసింది. చట్టం ఆ వరండాలో దాని పక్కనే నిలబడి ఉంది. అది చట్టాన్ని అక్కడే వదిలేసి, చీమ మిడతని లాగినట్టు, ఆ రెండు వందల పౌండ్ల మనిషిని గడప లోపలికి లాగింది. నెత్తురూ చిక్కుడు గింజలూ వరండా పొడుగునా. లాగి, కూర్చుని, ఫోను చేసింది. వచ్చింది క్లైవే. "ఇంట్లోకొచ్చాడు, ఇంట్లోనే కాల్చాను" అంది వాడితో. వాడు నేర్పిన పాఠం వాడికే అప్పజెప్పింది! వాడు రాసుకున్నాడు. పలుగు గడ్డిలో రెండు రోజులు పడి ఉంది, దొరికాక కూడా ఎవరిదని అడిగారు.

సర్కారు వకీలుకి ఇంకేం కావాలి? రేకు బోర్డు పుర్రెతో సహా జ్యూరీకి చూపించాడు. "ప్రాణభయంతో కాల్చినవాళ్ళు శవాన్ని జరుపుతారా? అబద్ధం ఆడతారా?" అన్నాడు. దాని వకీలు మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడు, విచారణకి వారం ముందు మా కొట్టుకొచ్చాడు. "ఒక్కరు చాలండి. ఇలా లాగమని మేమే చెప్పాం అని ఒక్కరు చెప్పండి. ఆమె దుర్మార్గంతో లాగలేదని, తెలీక లాగిందని జ్యూరీకి తెలుస్తుంది. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. హోబర్ట్ కొత్త గాలాలు డబ్బాలో సర్దుతూ, "నేను లైసెన్సున్నవాణ్ణి బాబూ" అన్నాడు. క్లైవ్‌కి ఉద్యోగం. మిగతావాళ్ళకి గుర్తులేదు. ఆ కుర్రాడు నా వైపు చూశాడు. నేను గల్లా పెట్టె తుడుస్తున్నా. మురికేం లేదు దాని మీద.

కోర్టులో వెల్డా నిజం చెప్పేసింది. "అబద్ధం ఆడానండీ, బయటే పడ్డాడు. లోపలికి లాగాలని అందరూ అంటారండీ" అంది. సర్కారు వకీలు వెనక్కి తిరిగి, చేతులు చాపి, "ఎవరమ్మా ఆ అందరూ? ఇక్కడున్నారా? ఉంటే లేవమనండి" అన్నాడు. నిండు హాలు. స్కూల్లో దాని చేతి కూడు తిన్నవాళ్ళే సగం. క్లైవ్ తలుపు దగ్గర బూట్లు చూసుకుంటున్నాడు. హోబర్ట్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ప్రేమతో వెయ్యలేదులే. వెల్డా ఒక్కొక్క వరసే చూసుకుంటూ వచ్చింది. ఎవరి పేరూ చెప్పలేదు, అంత పట్టుదల దానికి. నీలం గౌను, చేతికి తొడుగులు, మూడో వరస, అది నేను. దాని చూపు నా దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కవాళ్ళ మీదికి పోయింది.

పదేళ్ళు వేశారు. నాలుగో ఏట జైలు వంటగదిలోనే ప్రాణం పోయింది దానికి.

నీకు చట్టం నేర్పుదామనే మొదలెట్టానే తల్లీ. ఏం నేర్పను? కోర్టు కట్టలో ఒక కాగితముంది, నేనే దుమ్ము దులిపి తీశాను. ముద్దాయి తరఫు సాక్షులు: ముద్దాయి తప్ప ఎవరూ లేరు. అన్యాయం జరిగిన తారీఖు నేను మొదట చెప్పింది కాదే, ఇదీ: 1978 మార్చి 14.