అల్కజార్ బాల్కనీ

పంతొమ్మిది వందల యాభై ఏడు, ఫిబ్రవరి తొమ్మిది, శనివారం. పొద్దుటి నుంచీ సముద్రం మీంచి వానా కాదు, మంచూ కాదు, రెండూ కలిసిన ముద్ద పడుతూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికే వీధి దీపాలు వేశారు. గాలి ఎంత ఉప్పగా ఉందంటే, చిప్స్ మీద వేరే ఉప్పు చల్లుకోనక్కర్లేదు.

మరి మీ కరపత్రంలో ఈ ఎండేమిటమ్మా? గొడుగులాంటి గౌను వేసుకుని నవ్వుతున్న ఈ పిల్లెవరు? "ఆ బంగారు రోజులు మళ్లీ! అదే సినిమా, అవే పాటలు, అదే బాల్కనీ!" అబ్బో, ఎంత పెద్ద అక్షరాలు! అదే బాల్కనీ అని వేయమని మీకు ఎవరు చెప్పారు?

కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు సరిగా లేదు. ఇలా కిటికీ దగ్గరికి రండి. టీ చల్లారిపోతోంది.

నాకు ఆహ్వానం ఇవ్వడానికి వచ్చారు. సంతోషం. నన్ను వేదిక మీద కూర్చోబెడతారా? "ఆనాటి ప్రొజెక్టర్ ఆపరేటరు, శ్రీ లెస్లీ బిబ్బీ గారు" అంటారు, జనం చప్పట్లు కొడతారు. ఎనభై ఏళ్ల ముసలాణ్ణి, చప్పట్లంటే చేదా? రాను. ఎందుకు రానో చెప్పాకే మీరు ఇక్కణ్ణుంచి లేవాలి, రోవీనా. మీరు క్లిఫర్డ్ థ్రెల్‌ఫాల్ గారి మనవరాలు. ఈ మాట మీ తాతగారితో చెప్పాల్సింది. ఆయన పోయి యాభై ఐదేళ్లయింది. కాబట్టి మీరే వినాలి.

బాల్కనీ టిక్కెట్లు ఎన్ని అమ్మారు?

నూట ఎనభై! మొత్తం అన్నీనా?

ఊఁ.

అసలు వీళ్లంతా ఎందుకొస్తున్నారనుకుంటున్నారు? కథ కోసమా? ఆ సినిమాలో కథేముంది తల్లీ! కుర్రాళ్లు డాన్సు పెట్టుకుంటామంటారు, పెద్దవాళ్లు కూడదంటారు, చివర్లో మేయరు గారి భార్య కాలు ఆడిస్తుంది, అయిపోయింది. ఆ రోజుల్లో వచ్చిన డజను సినిమాలకీ ఇదే కథ. మధ్యలో పాట వచ్చినప్పుడు మాత్రం... ఎలా చెప్పను?

అప్పట్లో మా ఇళ్లల్లో రేడియో అంటే వార్తలూ, వయొలిన్లూ, చేపల పడవలకి వాతావరణ హెచ్చరికలూ. కుర్రకారు గంతులేసే ఈ కొత్త సంగీతం రేడియోలో వారానికి ఒక్క పాట వస్తే గొప్ప. టీ కొట్టులో పెట్టె ఉండేది, నాణెం వేస్తే పాడేది, కానీ సన్నగా, ముక్కుతో పాడినట్టు. సినిమా హాల్లో అలా కాదు. తెర వెనక గుర్రబ్బండి అంత పెద్ద కొమ్ము స్పీకరు. ఫిల్ము అంచున వెంట్రుకలాంటి గీత, దాని మీద దీపం పడగానే ఆ గీతలోంచి డ్రమ్ము లేచేది. చెవిలో కాదు, ఇక్కడ, రొమ్ములో తగిలేది. మా అమ్మానాన్నలకి ఎవరికీ తగలనిది మాకు తగిలింది. అందుకే వస్తారు. అరవై ఏళ్లకైనా మళ్లీ ఒక్కసారి ఇక్కడ తగులుతుందేమోనని వస్తారు.

నేను మాంచెస్టర్‌లో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. నవ్వకండి. డిగ్రీ చేతికొచ్చాక ఒక ఏడాది సినిమాలు ఆడిద్దామనుకున్నాను. చదువుకునే రోజుల్లో ప్రెస్టన్‌లో ఒక హాల్లో ఇదే పని చేసేవాణ్ణి, వాసన పట్టుకుంది. ప్రొజెక్టర్ దీపంలో మండే కార్బన్ కడ్డీల వాసన. ఆ ఏడాది అలాగే యాభై ఏళ్లయింది, అది వేరే సంగతి. ప్రెస్టన్ హాలు గురించి గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

ప్రొజెక్టర్ గదిలో ఉన్నవాడికి హాల్లో శబ్దం ఎంతుందో తెలియదు. లోపల మెషిన్ల రొద. అందుకని మేనేజరు కింద వెనక వరస దగ్గర నిలబడి బజర్ నొక్కేవాడు. మీ తాతగారి అల్కజార్ హాల్లో మేనేజరు ఆయనే, ఒకసారి మోగితే పెంచమని, రెండుసార్లు మోగితే తగ్గించమని. ప్రెస్టన్‌లో దీనికి సరిగ్గా తలకిందులు: ఒకటి తగ్గించు, రెండు పెంచు. ఏ హాలు పద్ధతి ఆ హాలుది. కొత్త హాలుకి మారిన ఆపరేటరు మొదటి వారంలో ఈ పొరపాటు చేస్తాడని అందరికీ తెలుసు, నవ్వుకునేవాళ్లు.

ఆ సోమవారం సినిమా మొదలైంది. మంగళవారానికి ఊళ్లో కుర్రకారంతా అల్కజార్‌లోనే. మోకాళ్ల దాకా కోట్లు, నూనె కారే జుట్టు, మందపాటి అడుగున్న బూట్లు. "ఒరే, బూట్లు కాదురా అవి, పడవలు!" అని గేటు దగ్గర ఏడిపించేవాళ్లు. ఆ డ్రమ్ముల పాట ఉంది చూశారా, రెండో రీలు చివర్లో, అది రాగానే బాల్కనీ అంతా కాళ్లతో తాళం. అందరూ ఒకే దెబ్బ.

గురువారం నాడు చూశాను. తెర మీద బొమ్మ ఊగుతోంది.

అర్థం కాలేదా? ప్రొజెక్టర్ గది బాల్కనీకి వెనకే, అదే దూలాల మీద. బాల్కనీ కదిలితే మెషిన్ కదులుతుంది, బొమ్మ కదులుతుంది. పాటకి సరిగ్గా కదులుతోంది. పాట ముగిసి, కాళ్లు ఆగాక కూడా ఇంకో మూడు నాలుగు ఊపులు. ఊయలకి సరైన క్షణంలో చేయి తగిలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా? నాకు ఇంకా బాగా తెలుసు, పరీక్షలో రాసి పాసయినవాణ్ణి. సీలింగు నుంచి సున్నం పొడి రాలి, ప్రొజెక్టర్ వెలుగులో మెరుస్తూ దిగుతోంది. ముప్పై ఏళ్ల ఉప్పుగాలి తాగిన ఇనుము అది.

వెంటనే కిందికి వెళ్లి మీ తాతగారికి చెప్పాను. అనుకుంటారేమో, ఆయన కొట్టిపారేశారని? లేదు తల్లీ. ఆయన మంచి మనిషి. నాతో పైకొచ్చి, బాల్కనీ అంచు దగ్గర పగులు తడిమి చూశారు. "సోమవారం ఇంజనీరు వస్తాడు లెస్, ఈలోగా హాలు మూసేస్తే ఊరు తిరగబడుతుంది. ఆ పాట రాగానే నేను రెండు నొక్కుతాను. నువ్వు బాగా తగ్గించెయ్. వినపడకపోతే కాళ్లు ఆడించరు" అన్నారు. ఆ ఉపాయం పనిచేసింది కూడా. శుక్రవారం మూడాటలూ తగ్గించాను. కుర్రాళ్లు ఈలలు వేశారు, నన్ను నానా మాటలూ అన్నారు. "పైనున్న ముసలి పిల్లీ, చచ్చావా!" అని ఒకడు. నాకు ఇరవై ఒకటి. కానీ బొమ్మ ఊగలేదు.

ఇంకాస్త టీ పోయనా? ముట్టుకోనే లేదు.

శనివారం మధ్యాహ్నం ఆట. మా పెద్ద ఆపరేటరుకి జ్వరం, గదిలో నేనొక్కణ్ణే. రెండో రీలు. పాట మొదలవబోతోంది. నేను కిటికీ కంతలోంచి చూస్తున్నాను. బాల్కనీ ముందు వరసలో బెరిల్.

బెరిల్ ఎవరా? ఆ గోడ మీద ఫొటోలో ఉంది. నా భార్య. అప్పటికింకా కాదు. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. చేతులు ఎంత కడిగినా ఆ వాసన పోదని శనివారాలు తెల్ల గ్లవ్సులు వేసుకునేది. గేటు దగ్గర నన్ను ఆపి, "ఏం బాబూ మాంచెస్టరూ, పాటొచ్చేసరికి నీకు నిద్రొస్తుందా? మేం టిక్కెట్టు కొంది మూగబొమ్మలు చూడ్డానికా?" అంది. దాని పక్కనున్న పిల్లలంతా కిలకిలా నవ్వారు.

బజర్ మోగింది. రెండుసార్లు. స్పష్టంగా.

అప్పుడే బెరిల్ వెనక్కి తిరిగి, నా కంత వైపు చూసి, ఆ తెల్ల గ్లవ్సు చేతిని ఇలా, అరచెయ్యి పైకి పెట్టి, లేపింది. పెంచు, పెంచు.

శబ్దం పెంచే చక్రం ఆరు మీద ఉంది. పది దాకా తిప్పాను.

మళ్లీ రెండుసార్లు మోగింది. మళ్లీ రెండు. ఆయన బొటనవేలు ఆ మీట మీదే ఉండి ఉంటుంది, పాపం. నేను వినలేదనుకుంటున్నారా? అన్నీ విన్నాను. కంతలోంచి ఆ పిల్లని చూస్తున్నాను. బొమ్మ ఊగుతోంది, అదీ చూస్తున్నాను. ఇంకొక్క చరణం, అనుకున్నాను. ఒక్కటే.

పెద్ద చప్పుడేం కాలేదు. అందరూ ఉరుము అంటారు, పేపర్లోనూ అలాగే రాశారు. కాదు. నిట్టూర్చినట్టు ఒక శబ్దం, బాల్కనీ ముందంచు మూరెడు కిందికి దిగింది. అంతే. ఆ మూరెడుకి సున్నం, ఇనుప కమ్మీ, ఇరవై అడుగుల పిట్టగోడ ఊడి కింద వెనక వరసల మీద పడ్డాయి. పాట మాత్రం ఆగలేదు. నేను ఆపేదాకా పాడుతూనే ఉంది. చీకట్లో కేకలు, దాని మీద ఆ హుషారైన గొంతు.

ముగ్గురు పోయారు. ఒక బస్సు కండక్టరు, అతన్ని చేసుకోబోయే పిల్ల. ఆలిస్ గార్‌స్టాంగ్, మెడకి ట్రే తగిలించుకుని ఐస్‌క్రీములు అమ్మే ఆవిడ. ఇంటర్వెల్‌కి ముందే వచ్చి అక్కడ నిలబడేది, ఆవిడకీ ఆ పాటంటే ఇష్టం. బెరిల్‌కి తుంటి విరిగింది.

విచారణలో నన్ను అడిగారు. బజర్ వినలేదా? విన్నానండీ. మరి? ప్రెస్టన్ అలవాటండీ, అక్కడ రెండంటే పెంచమని. కంగారులో పాత అలవాటు వచ్చేసింది. ఆపరేటర్ల సంఘం పెద్ద లేచి, అవును, అది సహజమే అన్నాడు. నమ్మారు. ఎందుకు నమ్మరు? ఎక్కడైనా జరిగేదే.

అయితే బజర్ సంకేతాలు రాసిన అట్ట ఆపరేటరు కళ్లెదుట ఉండాలని నిబంధన. అది పెట్టాల్సిన బాధ్యత మేనేజరుది. అల్కజార్‌లో అట్ట లేదు. "నేను పెట్టాను, నా చేత్తో మేకు కొట్టాను" అని మీ తాతగారు మూడుసార్లు అన్నారు. గోడ మీద మేకు ఉంది, అట్ట లేదు. లైసెన్సు తీసేశారు. ఊళ్లో ఆయన్ని చూసి జనం వీధి దాటి అవతలి పక్కకి వెళ్లేవాళ్లు.

అట్ట ఉంది తల్లీ. ఎర్ర సిరాతో రాసిన అట్ట. మెషిన్ ఆపాక, పోలీసు మెట్లెక్కేలోపు, నేనే తీసి, ఇంకా మండుతున్న ఆ కార్బన్ దీపంలో పెట్టాను. రెండు క్షణాల్లో బూడిద.

అలా చూడకండి. చూడండి, చూడాల్సిందే. కానీ వినండి, ఇంకా అయిపోలేదు.

బెరిల్ యాభై మూడేళ్లు నాతో కాపురం చేసింది, కుంటుతూ. ప్రతి శనివారం ఆ సినిమా పాటల రికార్డు పెట్టేది. నేనడిగేవాణ్ణి, నీకెలా వినాలనిపిస్తుందే అని. "అది నా పద్దెనిమిదో ఏడు, లెస్. దాంట్లో అంతా చెడ్డేం కాదుగా" అనేది. తన చెయ్యి లేచిన సంగతి తనకి గుర్తే లేదు. నేను గుర్తు చెయ్యలేదు. మరి నాకు? సిగ్గు విడిచి చెబుతున్నాను: ఆ డ్రమ్ము పడగానే ఈ రోజుకీ నా కాలు ఆడుతుంది. ముగ్గురు పోయారని తెలిసిన కాలు.

నాదే ఆడితే, వచ్చే శనివారం మీ నూట ఎనభై మందివి ఆడవా? మీ ఇంజనీరు సర్టిఫికెట్ ఇచ్చాడు, సరే. కూర్చున్నవాళ్లకి ఇచ్చాడు. కాళ్లు కొట్టేవాళ్లని లెక్కేశాడా? అడిగారా ఆయన్ని? సినిమాలు ఆపి హాల్లో బింగో జూదం ఆడించిన రోజుల్లో వేసిన రంగు కింద ఏముందో గీకి చూశాడా? పోయిన నెల నేను వెళ్లాను, పాత గేటు లోంచి. వేలితో నొక్కితే ఇనుము తుప్పు పొరలు పొరలుగా ఊడింది. ఇదుగో, కవర్లో తెచ్చాను.

అందుకే ఇంత చెప్పింది. ఉత్తినే చెబితే, ముసలాడి చాదస్తం అని నవ్వి వెళ్లిపోయేవారు. ఇప్పుడు నవ్వలేరు.

ఫోన్ చేస్తున్నారా? చెయ్యండి. నేను గట్టిగా మాట్లాడను.

...

బాల్కనీ మూసేస్తున్నామన్నారు. మంచిది. తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

ఈ కాగితం తీసుకోండి. జరిగిందంతా రాసి, కింది వీధి లాయరు ఎదుట సంతకం పెట్టాను. పేపర్లో వేయించండి, హాల్లో చదివించండి, మీ ఇష్టం.

మీ తాతగారి వీలునామా మీరు చూసే ఉంటారు. హాలు మీ నాన్నకి, ఇప్పుడు మీకు. జేబు గడియారం గేటు మనిషికి. ఆయన మంచి ఉన్ని ఓవర్‌కోటు నాకు రాశారు తెలుసా? "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఆ కుర్రవాడు బాధపడకూడదు" అని రాశారు. పద్నాలుగు చలికాలాలు తొడుక్కున్నాను.

నా తర్వాత ఈ ఇల్లు బెరిల్ మేనకోడలికి, రికార్డులూ ఆమెకే. ఆలిస్ గార్‌స్టాంగ్‌కి ఒక కూతురుండేది, నోరా, తొమ్మిదేళ్ల పిల్ల. ప్రమాదం అన్నారు కాబట్టి ఆ పిల్లకి పరిహారమేమీ రాలేదు. బ్లాక్‌బర్న్‌లో ఏదో అనాథాశ్రమానికి పంపారని విన్నాను. నేనెప్పుడూ వెతకలేదు.