మిజుహో మెళ్లో 'గుడ్' అట్ట

"బిగ్?"

"స్మాల్."

"హాట్?"

"కోళ్లు."

"కోళ్లు కాదు నానమ్మా, కోల్డ్. హాట్ అంటే వేడి, కోల్డ్ అంటే చల్లన."

"ఈ మంచులో కోళ్లు కూడా చల్లగానే ఉంటాయిలేవే. తర్వాతది అడుగు."

"ఫ్యాట్?"

"అది రాలేదు. నువ్వే చెప్పు."

"థిన్. ఫ్యాట్ అంటే లావు, థిన్ అంటే సన్నం."

"తిన్నవాడు లావవుతాడు గానీ సన్నమెట్లా అవుతాడే? ఈ ఇంగ్లీషువాళ్లకి వంట చేతకాదు, అదీ సంగతి."

జపాన్‌లోని తొయామాలో ఒక ఇల్లు. రేపు బడిలో ఇంగ్లీషు పాఠం చూడటానికి పెద్దవాళ్లు రావాలి. అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని ఆరేళ్ల మిజుహో నానమ్మ తొకియేని తయారు చేస్తోంది.

"నవ్వకు నానమ్మా. రేపు నా మెళ్లో అట్ట వేస్తారు. దాని మీద ఒక మాట ఉంటుంది. నువ్వు ఎదురు మాట చెప్పాలి. చెప్పలేకపోతే అట్ట పక్కవాళ్లకి పోతుంది. పది అట్టలకీ చెబితే కాగితం కిరీటం."

"ముసలిదాన్నయ్యాక నా చేత ఎదురు మాటలు చెప్పిస్తున్నారన్నమాట. నీకు కిరీటం కావాలా?"

"కావాలి. గుడ్?"

"ఏమిటే అది?"

"గుడ్ అంటే మంచి. దానికి బ్యాడ్, చెడ్డ. ఇది నీకు రాకపోతే ఎలా? రోజూ అంటూనే ఉంటావుగా."

"నేనేమన్నానే?"

"మొన్న కూరగాయల కొట్లో ఇవావో తాతయ్య 'మీ మిజుహో భలే చురుకు' అంటే నువ్వేమన్నావు?"

"ఏమో."

"ఏమో కాదు."

"ఎక్కడి చురుకండీ, వట్టి మొద్దు, అన్నాను. అది మర్యాదే. మనవాళ్లని మనమే నలుగురిలో పొగుడుకుంటామా? ఆయన మాత్రం? మా మనవడు కైతో వట్టి దద్దమ్మండీ అనలేదూ?"

"కైతో దద్దమ్మ కాదు. వాడికి తొంభై రైళ్ల పేర్లొచ్చు."

"అదే మరి. తలకిందులుగా చెప్పాడన్నమాట. మన ముల్లంగి ఊరగాయ ఎవరికన్నా ఇచ్చేటప్పుడు నేనేమంటాను? రుచీ పచీ లేని పచ్చడి, పారబొయ్యలేక తెచ్చానంటాను. వాళ్లు జాడీ నాకి మరీ పంపిస్తారు."

"ముల్లంగికి చెవులుండవు నానమ్మా."

"అంటే ఏమిటే?"

"కైతో కొట్లోనే ఉండి ఆ మాట విని బడిలో చెప్పేశాడు. ఇప్పుడందరూ నన్ను మొద్దూ, మొద్దూ అంటున్నారు."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఇదీ తలకిందులేనా?"

"రేపు టీచరు నన్ను మెచ్చుకుంటే నువ్వలా అనకూడదు. ఒట్టుగా చిటికెనవేలు మెలెయ్యి."

"అరవయ్యేళ్ల అలవాటే. నోరు దానంతటదే అనేస్తుంది."

"అయితే నోరు మూసుకో."

"ఓపెన్‌కి క్లోజ్. చూశావా, వచ్చేసింది."

"నానమ్మా."

"సరేనే. ఇదిగో వేలు."

మర్నాడు, బడిలో. గోడ వారగా పెద్దలు, వాళ్ల ముందు పిల్లలు.

"తొకియేగారూ, తొమ్మిదికి తొమ్మిదీ చెప్పేశారు. ఇదొక్కటీ చెబితే కిరీటం మీ మిజుహోదే. ఇటు తిరగమ్మా, అట్ట నానమ్మకి కనిపించాలి. గుడ్. దీనికి ఎదురు మాట? చాలా సులువైనదండీ."

"నానమ్మా, బ్యాడ్. బ్యాడ్."

"తెలుసులే, ఉండవే."

"తెలిస్తే చెప్పెయ్యండి మరి."

"టీచరుగారూ, ఆ అట్ట తీసి గోడకి తగిలించండి. చెబుతాను."

"ఆట అలా కాదండీ. పిల్ల మెళ్లోనే ఉండాలి."

"పిల్ల మెళ్లో ఉంటే నాకు రాదండీ."

"నానమ్మా, కిరీటం పోతుంది."

"పోనియ్యవే."

"సరే, అట్ట పక్కవాళ్లకి. కైతో, నువ్వు వేసుకో నాన్నా. ఇవావోగారూ, మీరూ ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. గుడ్. దీనికి?"

"అదా. అదీ..."

"తాతయ్యా, నీకొచ్చుగా. పొద్దున బస్సులో పదిసార్లు చెప్పావు."

"పొద్దున వచ్చిందిరా. ఇప్పుడు నాకూ రావటంలేదండీ, టీచరుగారూ."