అడుగున బిళ్ళ

ఓడల సిబ్బంది క్యాంటీన్ వంటగది. నిన్న ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. వంటమాస్టరు, అతని మరదలు.

"మళ్ళీ అదే మాట! గిన్నెలో నీళ్ళున్నాయంటావేంటి బావా?"

"ఉన్నాయి కాబట్టి ఉన్నాయన్నా. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆవిరి మీదే బతుకుతున్నా చిన్నమ్మాయ్. ఒకరికి ఆకుల్లో చుట్టిన చేప, ఒకరికి మాంసం కూరిన పిండిముద్దలు, ఇంకొకరికి మొక్కజొన్న పొట్లాలు. ఏ దేశపు ఓడ వచ్చినా ఒక్కడు వంక పెట్టలేదు."

"వంటల సంగతి ఎవడడిగాడు? కళ్ళు రెండింటికీ కట్లు కట్టి అక్కని ఆస్పత్రిలో పడుకోబెట్టారు. మాట్లాడవేం?"

"ఏంటీ?"

"మాట్లాడవేం అంటున్నా! పదింటికి విచారణకి కంపెనీ ఆఫీసరు వస్తాడు. ఏం చెప్తావు?"

"ఉన్నదే చెప్తా. ఆవిరి గిన్నె అడుగున రాగిబిళ్ళ వేస్తాం. నీళ్ళు మరుగుతున్నంతసేపూ టకటకలాడుతుంది. ఆగిందా, నీళ్ళు అయిపోయినట్టు. నిన్న అది ఆగలేదు. మాడు వాసనొస్తోంది, నీళ్ళు పొయ్యనా అంది మీ అక్క. వద్దే, బిళ్ళ మోగుతోందిగా అన్నా. వింటేగా! మూత తీసి చెంబెడు చన్నీళ్ళు గుమ్మరించింది. ఆవిరి గుప్పుమని మొహాన కొట్టింది."

"అయితే తప్పు అక్కదా?"

"అలా అన్నానా?"

"ఆఫీసరు అలాగే రాసుకుంటాడు! మాట వినలేదని రాస్తే కంపెనీవాళ్ళు ఆపరేషన్ చేయించరు. అక్క కళ్ళు పోతాయి బావా. పొరపాటు నాదేనని ఒక్క ముక్క చెప్పు."

"చెవులారా విన్నది లేదని ఎలా చెప్పనే?"

"ఇదిగో గిన్నె, చూడు. అడుగు బొగ్గయిపోయింది. బిళ్ళ కరుచుకుపోయింది, గోకినా రావట్లేదు. ఎండిన గిన్నెలో ఎలా మోగింది?"

"మోగింది. మీ అక్క మీద ఒట్టు."

"దాని మీద ఇంకా ఒట్లెందుకులే! అంత మంటలోనూ నిన్నే వెనకేసుకొస్తోంది. 'మీ బావని ఏమీ అనకే, ఈమధ్య ఆయనకి రెండుసార్లు పిలిస్తేగానీ...'"

"ఏంటీ? ఏమందీ?"

"రెండుసార్లు పిలిస్తేగానీ..."

"గట్టిగా చెప్పవే! ఎవరు వెలిగించారో, ముందు ఆ పొయ్యి ఆర్పు. బిళ్ళ ఒకటే మోత, నీ మాట ఒక్కటీ వినపడి చావట్లేదు."