బీడీకట్టలో ఎత్తు

బోధన్‌లో ఒక మధ్యాహ్నం. లారీ నడపడం ఎప్పుడో మానేసిన నర్సన్న ఇంట్లో, చదరంగం బల్లకు అటు ఆయన, ఇటు చనిపోయిన దోస్తు తుకారాం కూతురు వర్ష.

“ముట్టకు బిడ్డా! గా గుర్రాన్ని ముట్టకు.”

“ముడ్తలేను కాకా, సూస్తున్న అంతే. పదకొండేండ్ల సంది గిట్లనే ఉంచినవా?”

“గిట్లనే. ఇంట్లోళ్లను దుమ్ము గూడ దులపనియ్యలే.”

“మరి గీ బీడీకట్ట?”

“గది... గండ్లనే ఉంది మీ బాపు ఎత్తు. చిట్టీ మీద రాసి, బీడీకట్టల పెట్టి, దారం సుట్టి ఇచ్చిండు.”

“సీల్డ్ మూవా!”

“గదే. నిజామాబాద్‌ల పోటీలు సూసొచ్చి గా మాట పట్టుకొచ్చిండు. నువ్వు పిల్లలకు ఆట నేర్పుతవు గద, అసలు గదేందో చెప్పు.”

“ఎనకట పెద్ద ఆటలు ఒక్కరోజుల ఒడిసేటివి గావు కాకా. నడుమల ఆపాల్సొస్తే, వంతు ఎవరిదో వాళ్లు తమ ఎత్తు బల్ల మీద ఆడకుంట కాయితం మీద రాసి, కవర్ల పెట్టి అంటిస్తరు. తెల్లారి రెఫరీ తెరుస్తడు.”

“ఎందుకట్ల?”

“ఎదుటోడు రాత్రంత దానికి జవాబు ఎతుక్కోకుంట. ఇద్దరికీ సమానం ఉండాలె గద. కంప్యూటర్లొచ్చినంక ఆ పద్ధతే పోయింది.”

“మరి... నడుమల ఎవరన్న తెరిస్తే?”

“తెరిస్తే ఇగ అది ఆటెట్లయితది? గని కాకా, మీరు ఎందుకు ఆపిండ్రు?”

“సేటు ఫోన్ చేసిండు. చక్కెర లోడ్ ఎమ్మటే కదలాలన్నడు. మా పందెమేంది? ఓడినోడు బండి తీస్కపోవాలె. వాన దంచుతుండె, మంజీర పొంగుతుండె. ఆట తేలలే. ‘పెద్దోన్ని, నేనే పోత తమ్మీ, వచ్చినంక తెరుద్దాం’ అన్నడు మీ బాపు.”

“బండి వంతెన దాటలే.”

“దాటలే. గని దినాం వస్తడు బిడ్డా. పొద్దుమీకంగ హారన్ ఇనస్తది. నువ్వు కూసున్న కుర్చీలనే కూసుంటడు. ‘ఇంక తెరువవా తమ్మీ’ అంటడు.”

“కాకా...”

“నువ్వు తెరువు. గా బండి తీస్కపోవాల్సింది ఆయనా, నేనా, నీ నోట ఇనాలె.”

“సరే. తెరుస్తున్న.”

“ఏం రాసిండు?”

“ఆఁ... ‘ఓడిపోయిన’ అని రాసిండు.”

“సక్కగ సూడు.”

“సూసిన కాకా. ఓడింది బాపే. పోవాల్సింది గూడ బాపే. నీ తప్పేం లేదు. ఇగ కంటినిండ నిద్రపో.”

“మీ అమ్మ కడుపు సల్లగుండ! మంచిదానివి. గని గా చిట్టీ మీద రాసుంది గుర్రం ఎత్తు. ఇంకో రెండెత్తులల్ల నా రాజు ఖతం.”

“నీకెట్ల... దారం సుట్టింది సుట్టినట్టే ఉండె గద!”

“మల్ల సుట్టింది నేనే. మీ బాపు టైర్లు సూసొస్తనని బయటికి పోంగనే ఇప్పి సూసిన బిడ్డా. ఓడింది నేనే అని తెల్సి గూడ, ‘పైలంగ పోయిరా అన్నా’ అని చెయ్యూపిన.”