తెర బాబాయి భోంచేసిన హోటలు

"బాబాయ్, ఎదురు వరుసలో ఇన్ని ఇటలీ హోటళ్ళున్నాయి కదా, రేపు సెలవు పెట్టి మా నాన్నని దేనికి తీసుకెళ్ళాలి?" అని టికెట్ల అమ్మాయి అడగడమే ఆలస్యం, తెర బాబాయి చేతిలో గ్లాసు బల్లమీద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఆ టీ ఇక చల్లారినట్టే.

ఆయన మా నాటకాల థియేటర్లో తెర లాగుతాడు. గంట మోగగానే తాడు పట్టుకుని తెర ఎత్తడం, మళ్ళీ దించడం ఆయన పని. పని లేనప్పుడు థియేటరు పక్కసందులో టీ కొట్టు దగ్గర కూర్చుని కోతలు కోస్తుంటాడు. అబద్ధాలకోరు అంటే మాత్రం ఒప్పుకోడు. అబద్ధం ఒకణ్ణి ముంచడానికట, కోత నలుగుర్ని కూర్చోబెట్టడానికట. నేను అక్కడే సెట్లు చేసే వడ్రంగిని కాబట్టి రోజూ వినక తప్పదు. టీ కొట్టు అక్క అయితే వింటూ వింటూ ఎన్నిసార్లు పాలు పొంగబెట్టుకుందో లెక్కలేదు.

అమ్మాయి అడిగినదానికి కారణం ఉంది. వాళ్ళ నాన్న సిటీ బస్సు నడిపేవాడు. సర్వీసంతా మా వీధిలోంచే బస్సు తిప్పాడు గానీ ఏనాడూ ఒక్క హోటలు గడప తొక్కలేదు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో మెల్లమెల్లగా, మీదా కిందా పోసుకుంటూ తింటాడు. నలుగురిలో తినాలంటే సిగ్గేసి గుమ్మం దాటడమే మానేశాడు. అలాంటి మనిషి మొన్న తనంతట తనే, "ఆ వీధిలో ఇటలీ తిండి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుందమ్మా" అన్నాడట. మందులు వేసుకోవాలి కాబట్టి పెందలాడే తినాలి. సరిగ్గా ఆ వేళకే ఆటకొచ్చే జనమంతా హోటళ్ళ మీద పడతారు. కూర్చోగానే వెయిటరు "ఏ ఆటకండీ?" అని అడుగుతాడు. ఆ టైముకి మనల్ని లేపెయ్యాలి కదా మరి. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే ప్లేటు తీసేస్తారు.

"ఒక్కడు విసుక్కున్నా చాలు బాబాయ్, మా నాన్న మళ్ళీ ఇల్లు కదలడు," అంది అమ్మాయి.

"నువ్వు రావలసినవాడి దగ్గరికే వచ్చావమ్మా," అని మొదలుపెట్టాడు బాబాయి. "హోటలు ఎంచుకోవడం ఒక విద్య. దీపాలు చూసి వెళ్ళినవాడు బిల్లు చూసి ఏడుస్తాడు. నేను లోపలికి పోయేవాళ్ళని చూడను, బయటికొచ్చేవాళ్ళని చూస్తాను. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకుండా వచ్చారనుకో, బిల్లు కాలింది. తెగ మాట్లాడుకుంటూ వచ్చారనుకో, తిండి చప్పగా ఉంది, దాన్నే తిట్టుకుంటున్నారు. మాటా పలుకూ లేకుండా, ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుంటూ, నడవలేక నడవలేక వచ్చారనుకో, అదీ హోటలంటే. అలా కాపుకాసి ఒకదాన్ని పట్టాను."

"ఏది?" అంది టీ కొట్టు అక్క.

"ఉండు, అక్కడికే వస్తున్నా. లోపలికెళ్ళి కూర్చున్నానా, వెయిటరు వచ్చి 'ఏ ఆటకండీ?' అన్నాడు. 'నేను కూర్చుంటే ఆగిపోయే ఆటకి' అన్నాను. వాడు నా చేతులకేసి చూశాడు, తాడు రాసుకుని కాయలు కాసిన చేతులు, వాడికి ఒళ్ళు జలదరించి పరుగెత్తుకెళ్ళి ఓనర్ని తీసుకొచ్చాడు, ఓనరు వెళ్ళి వంటాయన్ని తీసుకొచ్చాడు. వంటాయన తలుపు పట్టనంత మనిషి, మీసాలనిండా పిండి. వచ్చి నా ముందు నిలబడి, 'అయ్యా, ఈ వీధిలో అందరికీ స్పగెట్టీ ముక్కలు చేసి పెడతాను, మీకు మాత్రం ముక్క చెయ్యను, ఒకటే పోగు తీస్తాను' అన్నాడు."

"ఒక్క సేమ్యా పోగుతో కడుపు నిండుతుందా?" అన్నాను నేను.

"లావు గురించి కాదు వడ్రంగీ, పొడుగు గురించి అడుగు. ప్లేటులో చుట్టలు చుట్టి పెట్టారు. కొస ఫోర్కుకి తగిలించి తిప్పాను. తిప్పుతున్నాను, తింటున్నాను, మళ్ళీ తిప్పుతున్నాను, ప్లేటు తరగదే. ఏమిటా అని వంగి చూస్తే పోగు ప్లేటు అంచు దిగి, బల్ల దిగి, నేలమీదుగా వంటింట్లోకి పోయి ఉంది. లోపల ఆయన లాగుతూనే ఉన్నాడు. పిండి అయిపోతే పక్క హోటల్నుంచి తెప్పించారు, అదీ అయిపోతే ఆ పక్కదాన్నుంచి. వరుసలో మిగతా హోటళ్ళన్నీ ఆ పూట తలుపులేసుకున్నాయి."

"సెలవేమో."

"సెలవు కాదు, పిండి లేదు. నీకు ప్రతిదానికీ మేకు కొట్టడం అలవాటైపోయింది. అప్పుడేమైందో తెలుసా? ఇక్కడ గంట మోగింది. హాలు నిండిపోయింది. రాజు కిరీటం పెట్టుకుని సింహాసనం మీద బిగుసుకు కూర్చున్నాడు. తెర లేవదే. ఎలా లేస్తుంది, లేపేవాడు ఎదురుగుండా తింటుంటే? మేనేజరుకి తలప్రాణం తోకకొచ్చి, ఒక కాలికి చెప్పు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. 'బాబాయ్, నీకు పుణ్యముంటుంది, లే' అన్నాడు. నేను లేవలేదమ్మా. 'తినేవాణ్ణి లేపడం తప్పు. నా నమలడం నాది, నీ ఆట నీది. కొస దొరికాక వస్తాను' అన్నాను. ఆయన ఇంకో ఫోర్కు అందుకుని రెండోవైపు నుంచి తినబోయాడు, తొందరగా అవుతుందని. వంటాయన గరిటె చూపించాడు. కుక్కిన పేనులా మూల కూర్చున్నాడు పాపం."

అమ్మాయి నవ్వలేదు, ఊ కొట్టలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా వింటోంది. ఈ పిల్ల నిజంగా నమ్ముతోందా ఏమిటి అని నాకే అనుమానం వచ్చింది.

"జనం ఊరుకున్నారా?" అంది అక్క, పాల గిన్నె వైపు చూడకుండా.

"ఎందుకు ఊరుకుంటారు? హాలు ఖాళీ చేసి హోటలు అద్దం ముందుకొచ్చి నిలబడ్డారు. అదీ ఎలా, సీటు నంబర్ల వరసలో. ముందు వరస ముందు, వెనక వరస వెనక."

"మరి బాల్కనీ వాళ్ళు?" అన్నాను నేను.

"ఎదురు మేడెక్కారు. వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్న ఎత్తు వాళ్ళకి దక్కాలి కదా. నేనొక్క ముద్ద మింగితే చప్పట్లు, నీళ్ళు తాగితే చప్పట్లు. అంతమందిని వీధిలో నిలబెట్టకూడదని నాకే జాలేసింది. వంటాయన్ని పిలిచి, 'ఆ పోగు రెండో కొస తీసుకుపోయి మా తెర తాడుకి ముడెయ్యి' అన్నాను. వేశాడు. వీధికి అడ్డంగా, ఆ కిటికీ నుంచి ఈ కిటికీకి, దీపాల కింద మెరుస్తూ పోగు. అందరూ హాల్లోకెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ గంట మోగింది. నేనక్కడ కుర్చీలోంచి లేవకుండా ఒక్క పీల్పు పీల్చాను, ఇక్కడ తెర సర్రున లేచింది."

"తెగలేదూ?" అన్నాను. నాకు తెలియకుండానే ముందుకి జరిగి కూర్చున్నాను.

"ఆ వంటాయన చేతి పోగు తెగడమా? తాడు తెగినా తెగుతుంది. ఒకే ఒక్క చిక్కొచ్చింది. రాజు చచ్చి పడిపోయే ఘట్టంలో పైనుంచి సాసు బొట్టు ఆయన మూతిమీద పడింది. చచ్చినవాడు నాలిక బయటపెట్టి నాక్కుని మళ్ళీ చచ్చాడు. జనం ఆ ఒక్కటీ ఇంకోసారి చెయ్యమని ఒకటే గోల."

"సరే, పీలిస్తే లేచింది. మరి దించేటప్పుడో?" అన్నాను.

"తుమ్మాను. మిరియాలపొడి చల్లించుకుని తుమ్మాను. పీల్పుకి లేవడం, తుమ్ముకి దిగడం. అది చూసి మిగతా థియేటర్ల వాళ్ళూ వచ్చి మాదీ ముడెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆ నెల్లాళ్ళూ ఈ వీధిలో తెరలన్నీ నా పళ్ళమీదే నడిచాయి. నాటకం బాగుంటే మెల్లగా మింగేవాణ్ణి. బాగులేకపోతే మొదటి అంకంలోనే తుమ్మేవాణ్ణి."

"ఇంతకీ ఆ హోటలు పేరేమిటయ్యా," అంది అక్క. పాలు అప్పటికే పొంగి పొయ్యిమీద పడ్డాయి.

"పేరుదేముంది, రుచి కదా ముఖ్యం. ఇంకా ఐస్‌క్రీము సంగతి చెప్పనేలేదు."

"బాబాయ్," అంది టికెట్ల అమ్మాయి. గొంతు పెంచలేదు. "నేను టికెట్లిచ్చే కిటికీ సరిగ్గా ఆ హోటళ్ళ వరుసకి ఎదురుగా ఉంటుంది. పనిలో చేరిన దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆటకి ముందు మీరు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడుస్తారు. ప్రతి హోటలు ముందూ ఆగుతారు. బోర్డు చదువుతారు, అద్దంలోంచి లోపలికి చూస్తారు, గంట మోగే ముందు పరుగెత్తుకొస్తారు. ఒక్కదాంట్లోకీ మీరు వెళ్ళగా చూడలేదు."

అక్క మసిగుడ్డ తీసుకుని పొయ్యి తుడవడంలో పడిపోయింది. బాబాయి గ్లాసు అందుకుని చల్లారిన టీ ఒక గుక్క తాగాడు. నాకు మనసు చివుక్కుమంది. ఈ పిల్ల ఇంత కటువుగా ఉండాల్సింది కాదు అనుకున్నాను.

"అందుకే మిమ్మల్ని అడిగాను," అంది అమ్మాయి. "లోపల తిన్నవాళ్ళని అడిగితే వాళ్ళ ప్లేటు గురించే చెప్తారు. మీరు రోజూ అందరి ప్లేట్లూ చూస్తారు. అద్దంలోంచి చూసిందే చెప్పండి బాబాయ్. మా నాన్నని ఎక్కడ తొందరపెట్టరు?"

ఆయన మా ఎవరివైపూ చూడలేదు. సందు చివర కనిపించే వీధి ముక్కకేసి తిరిగాడు. ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"చివర్నుంచి రెండోది. చిన్నది, దీపాలు కూడా సరిగా ఉండవు. గుమ్మానికి మెట్టు లేదు, మీ నాన్నకి కాలు ఎత్తే పనుండదు. లోపల గోడవైపు మూల బల్ల అడుగు. అక్కడికి ఒక ముసలావిడ వస్తుంది, చేతులు వణుకుతాయి. ఆవిడ తింటున్నంతసేపూ ప్లేటు కోసం ఎవరూ రారు. పోయిన వారం చెయ్యి తగిలి గ్లాసు ఒలకబోసుకుంది. వెయిటరు వచ్చి గుడ్డ పరిచి, తుడిచి, ఇంకో గ్లాసు పెట్టాడు. ఆవిడ మొహంకేసి చూడలేదు. పని చూసుకుని వెళ్ళిపోయాడు. బయట ఆటకెళ్ళే జనం బల్ల కోసం నిలబడి గడియారాలు చూసుకుంటున్నారు. అయినా ఆవిడ లేచేదాకా ఎవర్నీ ఆ మూలకి పంపలేదు." అమ్మాయి వైపు తిరిగి, "తిండి ఎలా ఉంటుందో నాకు తెలీదమ్మా," అన్నాడు.

నేను మాత్రం ఈసారి మేకు కొట్టలేదు.

అమ్మాయి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మొహంలో ఇందాకటి బిగువు లేదు. "రేపు మీరూ రావాలి బాబాయ్. మాతో కూర్చోవాలి."

"నేనా?" బాబాయి కంగారుపడ్డాడు. "ఆ వేళకి నేనెలా వస్తానమ్మా? తెర ఎవరు లాగుతారు?"

ఆ మాటతో నాకు విషయం బోధపడింది. వీధి వీధంతా కూర్చుని తినే వేళకి ఆయన గంట ఎప్పుడు మోగుతుందా, తాడు ఎప్పుడు పట్టుకోవాలా అని చూస్తూ ఉండాలి. ఇన్నేళ్ళలో నేనొక్కసారి కూడా ఆ సంగతి ఆలోచించలేదు.

"లాగేసే రండి," అంది అమ్మాయి. "ఇంటర్వెల్‌కి దించేదాకా మీకు వేరే పనేం లేదు కదా. మీరొచ్చేసరికి మా నాన్న ఇంకా సగం కూడా తిని ఉండడు."