అరిగిన బ్లేడు

కట్టెల అడితిలో, దుంగలు చీల్చే మిషను ముందు మామ, అల్లుడు.

"అడితి తాళాలు తర్వాత ఇస్తాను అల్లుడూ. ముందు బ్లేడు చూపించు."

"ఎదురుగానే ఉంది కదా మామయ్యా."

"ఇదా? జానెడు బ్లేడు నీకప్పగించాను. ఇది బొటనవేలంత కూడా లేదు. మిగతాది ఎవరు తిన్నారు?"

"దుంగలే. ముదురు దుంగలంటే మాటలా?"

"దుంగని బ్లేడు తినడం చూశాను గానీ, బ్లేడుని దుంగ తినడం ఎప్పుడూ వినలేదు. రేపు తాళాలిస్తే, కాటా కూడా తినేశాయంటావు."

"అలా అనకండి. బ్లేడు జాగ్రత్తగా చూసుకుంటే అడితి నీదేనని అందరి ముందూ అన్నారు. బోర్డు మీద నా పేరు కూడా రాయించుకున్నాను."

"ఎప్పుడు?"

"రంగు ఇంకా ఆరలేదు."

"ఆరకపోతే తుడవడం తేలిక. జాగ్రత్తగా చూసుకోమన్నాను, చూసుకున్నావా?"

"నా కన్నతల్లికి కూడా ఇంత సేవ చెయ్యలేదు మామయ్యా. పొద్దున లేవగానే ఆకురాయితో సానబెడతాను. నూనె రాస్తాను. ఇవాళ గడ్డం గీసుకున్నది కూడా దీంతోనే. చెయ్యి పెట్టి చూడండి."

"నీ బుగ్గ నాకెందుకు? సానబెడుతున్నావా? నువ్వా?"

"నేనే. రోజూ."

"ఓరి నాయనో! మధ్యాహ్నం వచ్చేసరికి మళ్ళీ పదునుగా ఉండేది. ఇదేం మాయ బ్లేడురా బాబూ, దానంతటదే పదునెక్కుతోంది అనుకున్నాను."

"మీరు మధ్యాహ్నం వచ్చి... ఏం చేస్తారు?"

"మొండి చేస్తాను."

"ఏం చేస్తారు?"

"మొండి. గరుకురాయితో అంచంతా అరగదీస్తాను. కట్టెని కొయ్యకూడదు అల్లుడూ, చీల్చాలి. మరీ పదునైతే దుంగలో దిగి అక్కడే కూర్చుంటుంది. ఇది మా నాన్న నేర్పిన విద్య."

"అయ్యో! పొద్దున వచ్చి చూస్తే మొండిగా ఉండేది. అబ్బో, ఎంత గట్టి దుంగలు చీలుతున్నాయో అని గర్వపడేవాణ్ణి."

"నువ్వు గర్వపడు, బ్లేడు అరిగిపోతుంది. ఇంతకీ ఆ చప్పుడేంటి?"

"పెరట్లో మీ అమ్మాయి ఏదో దంచుతోంది."

"పొద్దస్తమానం దంచుతూనే ఉంటుంది. ఏం దంచుతుందో గానీ, మన కంచాల్లోకి మాత్రం రాదు."

"అది అడిగే ధైర్యం నాకు లేదు. తాళాల సంగతి..."

"ఏం తాళాలు! బ్లేడుని సానకి మేపినవాడికా?"

"సగం మీరు మేపారు కదా!"

"నాది పద్ధతి. రుజువు కావాలా? అటు చూడు. గోడ పొడుగునా చీల్చిన కట్టెలు. ఒక్కటైనా వంకరగా ఉందా?"

"లేదు. అది నా పదును మహిమ."

"నా మొండి మహిమ."

"పదును."

"మొండి! నేను మొండి చేసి వెళ్ళాక, ఆ బ్లేడుతోనే కదా నువ్వు చీల్చింది?"

"నేనా? నేను పొద్దున సానబెట్టి బండి కట్టుకుని పోతాను. ఇళ్ళకి కట్టెలు వెయ్యొద్దా? చీల్చేది మీరు కదా."

"నేనా? ఈ నడుముతోనా? అరగదీసి, తిని, పడుకుంటాను."

"మీరు కాదా?"

"నువ్వు కాదా?"

"మిషను తిప్పడం మీరు నాకు నేర్పనే లేదు మామయ్యా."

"నాకొస్తే కదా నేర్పడానికి! మరి ఈ కట్టెలన్నీ..."

"మామయ్యా, దంచుడు ఆగింది."

"అమ్మడూ, నువ్వా. రా, నువ్వే చెప్పు. పదునా, మొండా? ఆగు... చేతిలో ఆ గొడ్డలేంటమ్మా?"

"ఆ మిషను మోటారు కాలిపోయి ఏడాదైంది నాన్నా. చెబుదామంటే మీరిద్దరూ ఎప్పుడూ దాని పనిమీదే ఉంటారాయె. తాళాలిటిచ్చి పక్కకి జరగండి, బేరం వచ్చింది."