బిల్లు మీద పుట్టినతేదీ

హలో… ఆ, నేనే అమ్మాయ్. కొట్లోనే ఉన్నాను, గల్లా దగ్గర. చెప్పు… తమ్ముడి పెళ్ళానికి ఈ ఆడపడుచు మధ్యాహ్నం పూట గుర్తొచ్చిందంటే ఏదో పనిబడే ఉంటుంది.

…

ఏడుస్తున్నావా? … ఆగాగు, మెల్లిగా చెప్పు. తమ్ముడికేమైనా— … వాడు బానే ఉన్నాడా. మరి?

… మీ పిల్లకా, పిచ్చుకకా?

… బడిలోనా. బాత్రూంలో పడి ఉందా… తాగి? మన పిచ్చుకా? ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించి ఉంటారమ్మా. నిండా పదహారేళ్ళు లేవు దానికి.

… డాక్టరే చెప్పాడా.

… ఇంకా తెలివి రాలేదా. … కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయిందా. గొట్టం వేశారా… తండ్రి గొంతుకి వేసింది చూసి ఏడాది తిరగలేదు, ఇప్పుడు దాని గొంతులో కూడానా.

ఒక్క నిమిషం ఉండు, ఎవరో వచ్చారు. … కార్డు చూపించండి బాబూ. … గడ్డం ఉంటే సరిపోదు, మందు కొనాలంటే వయసు చూపే కార్డు కావాలి. … లేదా, అయితే సీసా అక్కడే పెట్టేసి వెళ్ళండి. … ఆ, చెప్పమ్మా.

… నిజమే, అమ్మినవాణ్ణనాలి. ఏ కొట్టువాడో గానీ, వాడి చేతులు పడిపోను. పసిమొహం చూస్తే తెలియట్లేదా.

… మా కొట్టా? మా కొట్టుకి నేను పూచీ. పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను, కార్డు చూడకుండా ఒక్క సీసా దాటనివ్వలేదు. మొన్న బట్టతల మాస్టారిని కూడా అడిగాను. నాకు మనవడున్నాడమ్మా అన్నాడు. మనవడిది కాదండీ, మీది చూపించండి అన్నాను.

… కనుక్కుంటాను. తప్పకుండా కనుక్కుంటాను. చుట్టుపక్కల కొట్లన్నీ నాకు తెలిసినవే. దొరకనీ, వాడి లైసెన్సు పీకించేదాకా నిద్రపోను. ఏం సీసా అది? చూశావా?

… చిన్నదా. పచ్చమూతా…

… ఆ, వింటున్నాను. ఏం లేదు. పచ్చమూతవి ఊరంతా అమ్ముతారులే.

… దాని సంచీ నీ దగ్గరే ఉందా? అందులో బిల్లుముక్క… పై సగం చింపేసిందా. కొట్టు పేరు కనబడకూడదని, తెలివి చూడు. … పర్లేదు, కిందిది చాలు. కొన్న తేదీ కింద ఇంకో తేదీ ఉంటుంది. పుట్టినతేదీ అని. కార్డు చూసి అది కొడితేగానీ మెషీన్ బిల్లివ్వదు. చూడకుండా అమ్మేవాళ్ళు నోటికొచ్చిన తేదీ కొట్టేస్తారు. ఒక్కొక్కడికి ఒక్కో తేదీ అలవాటు. దాంతోనే పట్టేద్దాం వాణ్ణి. … ఉందా? చదువు.

… మార్చి పద్దెనిమిది…

…

సంవత్సరం కూడా చదవమ్మా.

…

ఎందుకాగిపోయావు.

…

ఆ. మా తమ్ముడిదే. నీ మొగుడిదే.

… లేదు, వాడు కొట్టుకి రాలేదు. ఆ తేదీ కొట్టింది నేను.

… అవును, నేనే. … తిట్టు, ఎంతైనా తిట్టు, కానీ విను. అది చీటీ తెచ్చింది. తమ్ముడి చేతిరాతతో. 'అక్కా, గొంతు నొప్పికి కంటిమీద కునుకు రావట్లేదు, ఓ చిన్నసీసా పిల్ల చేతికిచ్చి పంపు, ఇంట్లో చెప్పకు' అని. ఆపరేషనయి మాట పోయినవాడు రాసి అడిగాడే, ఎలా కాదంటాను? తాగేది వాడనుకున్నాను. పిల్ల మోసుకెళ్ళేది మాత్రమే అనుకున్నాను. దాని కార్డెందుకడుగుతాను, దాన్ని ఉయ్యాల్లో వేసింది నేను. వాడి పుట్టినతేదీ నాకు నోటికొచ్చు. అదే కొట్టాను.

… ఐదు నెలల్నుంచి.

… మొదట్లో వారానికొకటి. ఈమధ్య మూడు. … ఉండు, పెట్టెయ్యకు. ఇదంతా డాక్టరుకి చెప్పు. ఎన్నాళ్ళో, ఎన్నో, ఒక్క ముక్క దాచకుండా చెప్పు, మందివ్వాలంటే వాళ్ళకి తెలియాలి. ఎవరిచ్చారంటే నన్ను చూపించు.

… వాడు ముట్టలేదా? ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఒక్క చుక్క కూడానా? … నీకు తెలియకుండా తాగుతున్నాడేమో— … సరే. సరే. తమ్ముడు నీ పక్కనే ఉన్నాడా? ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టు. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి పెట్టు.

…

తమ్ముడూ. నేనురా. ఎప్పట్లాగే, గోటితో ఫోన్ మీద ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు. వినబడుతోందా?

… ఒకటి. ఆ.

ఆ చీటీలు నువ్వు రాసినవేనా?

…

రెండు.

మొదటిదైనా నీదేనా? నొప్పి అని రాసింది?

…

రెండు.

…

నువ్వు పలక మీద రాసిందల్లా చదివి మాకందరికీ చెప్పేది అదే కదరా. నీ రాత దాని చేతికొచ్చేసింది. ఆ వంకరంతా నీదే. నేను పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవాలని చూడలేదు కూడా. నువ్వు మళ్ళీ నన్ను అక్కా అన్నావని మురిసిపోయాను. ఆ చీటీలన్నీ పౌడరు డబ్బాలో దాచుకున్నానురా.

… వింటున్నావా? … ఒకటి.

ఒక్కపూట వచ్చి నీ మొహం చూసి అడిగితే తేలిపోయేది. రాలేదు. నువ్వు పలక పట్టుకుని కిందా మీదా పడి రాస్తుంటే చూడలేక, పనుంది పనుందని తప్పించుకున్నాను. సీసా పంపితే వచ్చినట్టే అనుకున్నాను.

… లేదండీ, ఇవాళ అమ్మట్లేదు. … కార్డున్నా అమ్మట్లేదు. వెళ్ళండి.

తమ్ముడూ, డాక్టరేమన్నాడు? బతుకుతుందన్నాడా?

…

కొట్టవేంట్రా.

…

తెలీదన్నాడా. తెలీదు అనడానికి ఎన్ని కొట్టాలో మనం అనుకోలేదు కదా.

… నేను రానా? మీ కంటబడను. బయట వరండాలో, ఏ మూలో బల్ల మీద కూర్చుంటాను. అది కళ్ళు తెరిచిందని ఎవరో ఒకరు చెప్తే వెళ్ళిపోతాను. రానా తమ్ముడూ?

…

ఒకటి… అంతే, ఇంక కొట్టకురా, అది చాలు నాకు, ఇప్పుడే బయల్దేరి—

…

రెండు.

…

విన్నానురా. పెట్టేస్తున్నాను.